అత్తయ్య కుర్చీ పక్కన నీలం పెట్టె

మా ఇంటి వరండాలోకి మరుగుదొడ్డి రావడానికి కారణం నేను కాదు. ఈ మాట ముందే చెప్పేయకపోతే నాకు ఊపిరాడదు. మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నా వంక అదోలా చూస్తారు. కోడలు అత్తగారి కుర్చీ పక్కనే మరుగుదొడ్డి పెట్టించిందంటే వినేవాళ్లకి ఎంత రుచి! కారణం కావాలంటే వెళ్లి ప్రభుత్వాన్ని అడగండి. ప్రభుత్వాన్ని అడిగితే, ఎవరి పొలంలోనో ఒరిగిపోయిన ఒక పెట్టెని చూపిస్తుంది.

మాది స్ట్రాబెర్రీ తోట. పండు ఎర్రబడిందంటే కోసేయాలి. రేపు చూద్దాంలే అనుకుంటే మెత్తబడి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. కోతకి మేస్త్రమ్మ తన మనుషుల్ని వెంటబెట్టుకొస్తుంది. వాళ్ల అవసరాలకి ఒక నీలం ప్లాస్టిక్ గది, దాని కింద ఒక ట్యాంకు. దాన్ని అందరూ పెట్టె అనే అంటారు. ఏళ్ల తరబడి మా ఆయన దాన్ని ట్రాక్టరు వెనక కట్టుకుని, కోత ఎటు జరిగితే అటు లాక్కెళ్లేవారు. లాగే ముందు తలుపు తట్టి లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగేవారు. ట్యాంకులో ఏమైనా ఉందా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

చుట్టుపక్కల తోటలన్నిటిదీ ఇదే పద్ధతి. ఇలాగే లాక్కెళ్తుంటే ఎక్కడో ఎవరి పెట్టో కాస్తా సాళ్ల మధ్య ఒరిగింది, ఆ కాయలు బజారుకి వెళ్లాయి, తిన్నవాళ్లందరికీ కడుపులు పాడయ్యాయి, దాంతో ప్రభుత్వం ఉలిక్కిపడి లేచింది. లేచి, 'వ్యవసాయ క్షేత్రములందు సంచార మరుగుదొడ్ల వ్యర్థ నిర్వహణ నిబంధనలు' అని తెచ్చింది. ఆ పేరు చివరిదాకా చదివేసరికే మనిషికి అవసరం పడుతుంది. పెట్టెని కదపకూడదు. ట్యాంకుని పొలంలో కుమ్మరించకూడదు. అనుమతి ఉన్న ట్యాంకరే వచ్చి పీల్చుకుని పట్నంలో శుద్ధి చేసే చోటికి తీసుకెళ్లాలి. నిజం చెప్పాలంటే అన్నీ మంచి నిబంధనలే, నాకు వాటితో ఏ పేచీ లేదు. పేచీ అంతా పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది.

దాన్ని తేల్చడానికి వచ్చిన అధికారికి ఏదో పేరు ఉండే ఉంటుంది గానీ, ఎప్పుడూ నడుముకి టేపు తగిలించుకుని తిరిగేవాడు కాబట్టి మేస్త్రమ్మ మనుషులు టేపుబాబు అనేశారు. కుర్రవాడు. ఇస్త్రీ చొక్కా, బురదకి భయపడే బూట్లు. మనిషి మంచివాడే, కానీ నిబంధన అంటే ప్రాణం పెడతాడు. పెట్టె బావికి దూరంగా ఉండాలట. కాలవకీ పంటకీ కూడా దూరంగా ఉండాలట. వాలు మీద ఉండకూడదు, కింద గట్టి నేల ఉండాలి, ట్యాంకరు గొట్టం అందాలి. ఇంతా చేసి, చివరి సాలులో ఉన్న మనిషి గబగబా నడిచి వచ్చేంత దగ్గరగానూ ఉండాలి. పొద్దుటి నుంచి తోటంతా కొలిచి, కాగితం మీద గుండ్రాలు గీసి, ఆ గుండ్రాలన్నీ కలిసే చోటికి నడుచుకుంటూ వచ్చి మా వరండాలో ఆగాడు.

"ఈ కుర్చీ ఎవరిదండీ?" అన్నాడు.

"నాదే బాబూ. ఏం, కూర్చుంటావా?" అన్నారు మా అత్తయ్య. ఆవిడ అందులోనే ఉన్నారు.

"కాదండీ. పెట్టె ఇక్కడ పెట్టాలి."

ముందు మా ఆయన తేరుకున్నారు. "ఇంటి వెనకాల పెడదామండీ."

"బావి ఉందండీ."

"పోనీ ఈ పక్కన?"

"వాలుగా ఉందండీ."

నాకు తిక్క రేగింది. "మా నట్టింట్లో పెట్టండి, పోతుంది!" అన్నాను.

"చూశానండీ. అక్కడికి గొట్టం అందట్లేదు," అన్నాడు పాపం, ఎంతో బాధ్యతగా.

పెట్టె పెట్టకపోతే కోత మొదలుపెట్టడానికి వీల్లేదు. కోత లేకపోతే ఏముంది? ఏడాది మొత్తానికి మాకున్నది ఈ పంటొక్కటే. ఇది పోతే తోట ఇంకొకరికి అప్పగించి, మేమిద్దరం వాళ్ల దగ్గరే పనికి కుదరాలి. ఆ సంగతి మా అత్తయ్యకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తోటలో మొదటి నారు నాటింది ఆవిడే.

"సరే, పెట్టుకోండి," అన్నారు. "నా కుర్చీ మాత్రం అంగుళం జరపను. ముందే చెప్తున్నా."

టేపుబాబు తన పుస్తకం అంతా తిరగేసి, కుర్చీల గురించి ఏమీ లేదని చెప్పి ఊపిరి పీల్చుకున్నాడు. అలా మా వరండాలోకి నీలం పెట్టె వచ్చింది. తలుపు తెరిస్తే అంచు కుర్చీ చేతికి తగిలేది.

మా అత్తయ్యకి మనుషులంటే పిచ్చి. మామయ్య పోయాక, మోకాళ్లు మొరాయించి తోటలోకి వెళ్లడం మానేశాక, ఆవిడకి ఆ పిచ్చి తీరే దారి లేకుండా పోయింది. మా ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు, రోడ్డు అవతలి వైపు. మా ఆయన ట్రాక్టరు మీద ఉంటారు, నేను ప్యాకింగ్ షెడ్డులో ఉంటాను. ఇంక ఆవిడతో మేం మాట్లాడేది అన్నం దగ్గరే, అదీ నోట్లో ముద్ద లేనప్పుడు. అలాంటి మనిషి పక్కకి, రోజంతా జనం వచ్చి తీరాల్సిన వస్తువు ఒకటి వచ్చి కూర్చుంది. ఇంకేముంది?

కోత మొదలైన రోజు మొట్టమొదట ఓ బక్కపల్చటాయన పరుగులాంటి నడకతో వరండా ఎక్కాడు. షెడ్డు గోడకి చెవి ఆనించకుండానే నాకు అన్నీ వినిపించాయి.

"రా నాయనా, రా! ఎవరింటబ్బాయివి నువ్వు? నిన్నెప్పుడూ చూడలేదే?"

"మేస్త్రమ్మ తీసుకొచ్చిందండీ."

"ఎంతమంది పిల్లలు? నిలబడే ఉన్నావేం, కూర్చో. మంచినీళ్లు తాగుతావా?"

"తరవాత తాగుతానండీ…"

"సరేలే, తొందరలో ఉన్నట్టున్నావ్. ఒంటికా, రెంటికా?"

ఆ మనిషి ఏం చెప్పాడో నాకు వినబడలేదు. తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వినబడింది. ఆ తరవాత అత్తయ్య గొంతు, ఇంకాస్త గట్టిగా, "లోపల గడియ సరిగ్గా పడిందా? కంగారుపడకు, నేనిక్కడే ఉన్నాను, ఎవరినీ రానివ్వను! ఆ, ఎంతవరకు చెప్పాను? మా రెండో ఆడపడుచు పెళ్లప్పుడు…"

అతను బయటికి వచ్చేసరికి, "అప్పుడే అయిపోయిందా? సరిగ్గా వెళ్లావా లేదా?" అని అడిగారు. తరవాత వచ్చినావిడకి, "ఇందాక వచ్చిన అబ్బాయికి పాపం జరిగినట్టు లేదమ్మా. నీళ్లు తక్కువ తాగుతున్నాడేమో, కాస్త చూసుకోండి," అని అప్పగింతలు పెట్టారు. మధ్యాహ్నానికల్లా సాళ్లలో ఉన్న ప్రతివాళ్లూ అతన్ని ఆప్యాయంగా పలకరించి నీళ్ల చెంబు అందించడం మొదలుపెట్టారు. అతను ఆ రోజంతా తలెత్తలేదు.

నేను కడుపుబ్బ నవ్వుకుని ఊరుకున్నాను. ఎందుకంటే ఆ తరవాత అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది. ఎప్పుడు తొంగి చూసినా వరండాలో ఒకరో ఇద్దరో ఉండేవారు. కూర్చునేవారు, మాట్లాడేవారు, మంచినీళ్లు తాగేవారు, లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. అత్తయ్య పొద్దున్నే తల దువ్వుకుని, కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా కూర్చునేవారు. మోకాళ్ల మాట ఎత్తడం మానేశారు. రోజూ అన్నం దగ్గర ఎవరి కూతురు ఏం చదువుతోందో, ఎవరి తమ్ముడికి సంబంధం కుదిరిందో చెప్పి మాకు మింగుడు పడనిచ్చేవారు కాదు.

"నన్నొకసారి పలకరించందే వీళ్లకి పొద్దు గడవదమ్మా," అన్నారు నాతో ఓ రోజు. "కొంతమంది పాపం పెట్టె దాకా కూడా వెళ్లరు. ఊరికే నన్ను చూసి పోదామని వచ్చామంటారు. మా రోజుల్లో మేమూ అంతే, పెద్దవాళ్లని పలకరించకుండా ఉండేవాళ్లం కాదు."

ఆవిడ మొహం అంత వెలిగిపోవడం నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక చూడలేదు.

తరవాత ట్యాంకరు వచ్చింది. డ్రైవరు గొట్టం దించి మోటారు వేశాడు. అది ఊళ్లు అదిరేలా అరిచింది గానీ గాలి పీల్చి గాలి వదిలింది. డ్రైవరు టార్చి వేసి లోపలికి చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ లోపలికి చూశాడు.

"ఇందులో ఏం లేదమ్మా. మేం పోసిన నీలం మందే ఉంది. మీ వాళ్లెవరూ ఏమీ తినరా?"

అతను వెళ్లి ఆ ముక్క ఆఫీసులో చెప్పాడు, చెప్పకపోతే అతని అనుమతి పోతుంది. మర్నాడు పొద్దున్నే టేపుబాబు మా వాకిట్లో ఉన్నాడు. మొహం మాడిపోయి ఉంది.

"ఇంతమంది మనుషులు ఇన్నాళ్లు పనిచేస్తే ఇంత రావాలని లెక్క ఉందండీ. మీది అస్సలు రాలేదు. తరుగు ఎటు పోయింది?"

"తరుగేంటండీ, అదేమైనా ధాన్యమా?" అన్నాను.

"నిబంధన ప్రకారం, ట్యాంకులో లేనిది పొలంలో కుమ్మరించినట్టే అండీ."

"ఎండలు బాగా ఉన్నాయి కదండీ," అన్నారు మా ఆయన. "ఆవిరైపోయిందేమో."

నేను ఆయన వంక ఒక్క చూపు చూశాను. ఆయనకి ట్రాక్టరు టైరులో గాలి చూడాల్సిన పని గుర్తొచ్చింది.

"సాయంత్రం లోపల అది ఎక్కడుందో చూపించండమ్మా," అన్నాడు టేపుబాబు. "లేకపోతే కోత ఆపించేయాలి. నాకూ ఇష్టం లేదు, కానీ తప్పదు." అలా అని వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. అత్తయ్య వెంటనే, "అయ్యో, ఎండనపడి వచ్చావు, ముందు ఈ నీళ్లు తాగు నాయనా," అంటూ గ్లాసు అందించారు. తాగేశాడు. మళ్లీ నింపారు.

నేను గబగబా తోటలోకి వెళ్లి మేస్త్రమ్మని పట్టుకున్నాను. ఆవిడ కాయ కోస్తున్న చెయ్యి ఆపలేదు.

"పెట్టె బాగానే ఉంది కదా?" అన్నాను.

"బ్రహ్మాండంగా ఉందమ్మా."

"మరి ఎవరూ వెళ్లట్లేదేం?"

"వెళ్తున్నాం కదమ్మా, రోజూ వెళ్తున్నాం."

"వెళ్లి?"

"పెద్దమ్మగారితో మాట్లాడి వచ్చేస్తున్నాం." చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఏం చెప్పమంటారమ్మా? ఆవిడ అంత ప్రేమగా పిలిచి కూర్చోబెడతారు. ఆవిడ ముందే లేచి ఆ తలుపు తీయాలంటే ప్రాణం ఒప్పదు. తీసినా, లోపల కూర్చున్నాక ఆవిడ బయటి నుంచి మాట్లాడుతూనే ఉంటారు. జవాబు చెప్పకపోతే బాగోదు. జవాబు చెప్తుంటే ఇంక ఆ పని ఎలా అవుతుందమ్మా?"

"అయితే మీరంతా ఎక్కడికి…"

గడ్డంతో కంచె వైపు చూపించింది. కంచె అవతల తోట మా చిన్నమామయ్యది, అంటే మా అత్తయ్య మరిదిగారిది. తోటలు పంచుకున్నప్పటి నుంచి వదినా మరుదులకి ఎడమొహం పెడమొహం. కంచెలో తీగ ఒకచోట ఎత్తి కట్టి ఉంది. దాని కింద గడ్డి అరిగిపోయి చక్కటి బాట పడి ఉంది. నేను ఒంగి అవతలికి దూరేసరికి చిన్నమామయ్య పెట్టె ముందు మా వాళ్లు వరసగా నిలబడి ఉన్నారు, పక్కన చిన్నమామయ్య వాళ్లని చూసుకుంటూ తిరుగుతున్నారు.

"చూడమ్మాయ్ ఈ అన్యాయం!" అన్నారు నన్ను చూడగానే. "నా ట్యాంకు లెక్కకి మించి నిండిందట. దొంగచాటుగా మనుషుల్ని పెట్టుకున్నావా అని అడుగుతాడా ఆ టేపుగాడు నన్ను!"

"మరి మా వాళ్లొస్తున్నారని చెప్పలేకపోయారా?"

"ఎందుకు చెప్తాను? చెప్తే ఆపేస్తారు. మా వదిన దగ్గరి నుంచి జనం నా దగ్గరికి రావడం నా జన్మలో ఇదే మొదటిసారి. మా పెట్టెకున్న పేరు అలాంటిదమ్మాయ్!"

ఆయన్నీ మేస్త్రమ్మనీ వెంటబెట్టుకుని వరండాకి వచ్చాను. అత్తయ్య మరిదిగారిని చూసి మొహం తిప్పుకుని, తరవాత ఎందుకో ఆయనకీ ఓ గ్లాసు నీళ్లు పోశారు. నేను టేపుబాబుకి సంగతి చెప్పాను. మా వాళ్లు ఈ పెట్టెకి రాకుండా ఆ పెట్టెకి వెళ్తున్నారని మాత్రమే చెప్పాను, అంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అతను మా తరుగునీ వాళ్ల మిగులునీ పక్కపక్కన వేసి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. మొహం విచ్చుకుంది. అంతలోనే మళ్లీ ముడుచుకుంది.

"కానీ ఇది రవాణా కిందికి వస్తుందండీ."

"ఏది?"

"వ్యర్థాన్ని ఒక పొలం హద్దు దాటించి ఇంకో పొలంలోకి చేర్చడం. అనుమతి ఉన్న వాహనంలోనే చేయాలి. వీళ్లు ఏ వాహనంలో దాటించారు?"

"కడుపులో," అన్నాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. "వాహనానికి మూత ఉండాలండీ. దారిలో ఒలక్కుండా."

"గట్టిగా బిగించుకునే వెళ్తున్నాం బాబూ," అంది మేస్త్రమ్మ. "ఒక్కచుక్క ఒలికితే ఒట్టు."

టేపుబాబు చెవులు ఎర్రబడ్డాయి. లోపల ఉన్నంతసేపూ అది వ్యర్థం కిందికి రాదని తనకి తానే తీర్పు చెప్పుకుని ఆ గండం దాటించాడు. అమ్మయ్య అనుకున్నాను. కానీ అసలుది అప్పుడు అడిగాడు.

"ఇంటి ముందు పెట్టె ఉండగా కంచె దూరి ఎందుకు వెళ్తున్నారండీ? ఏదో అడ్డంకి ఉండి ఉండాలి. అదేంటో చెప్తే ఇప్పుడే తీయించేస్తాను, మీ కోత మీరు చేసుకోవచ్చు. తెలియకపోతే ఈ పెట్టె వాడకానికి పనికిరాదని రాయాలి. పెట్టడానికి ఇంకో చోటు లేదు కాబట్టి కోత ఆగిపోతుంది."

మేస్త్రమ్మ నేల చూపులు చూసింది. నేను మేస్త్రమ్మని చూశాను. అత్తయ్య మాత్రం నిటారుగా కూర్చుని, "అవునమ్మా, ఎందుకెళ్తున్నారు? చెప్పండి, భయపడకండి. నేనున్నాను కదా," అన్నారు.

ఏమని చెప్పను? సాళ్ల నిండా పండు ఎర్రగా వేలాడుతోంది. ఒక్క మాట అంటే పంట దక్కుతుంది. ఆ ఒక్క మాట అంటే, రోజూ తల దువ్వుకుని కూర్చునే ఈ మనిషి మళ్లీ ఎప్పటికీ అలా కూర్చోదు. నా నోరు ఎంత పెద్దదో ఊరందరికీ తెలుసు, ఆ పూట మాత్రం అందులోంచి అన్నీ అబద్ధాలే వచ్చాయి. తలుపు బిగుసుకుపోతోందన్నాను. టేపుబాబు చిటికెన వేలితో తీసి చూపించాడు. వాసన అన్నాను. తల లోపల పెట్టి, కొత్త బకెట్టు వాసన వస్తోందన్నాడు. కందిరీగలున్నాయన్నాను. మూలమూలా వెతికాడు. నీలం రంగు మా వాళ్లకి పడదన్నాను.

"పక్క తోటలోదీ నీలమేనండీ," అన్నాడు ఓపిగ్గా.

"కానీ మాది మంచి నీలం," అన్నారు చిన్నమామయ్య.

ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ అత్తయ్య అతని గ్లాసు ఖాళీ కానివ్వలేదు. పొద్దుటి నుంచీ ఎన్ని నీళ్లు తాగాడో భగవంతుడికే తెలియాలి. కాసేపటికి అతను కాలు మార్చి కాలు వేయడం మొదలుపెట్టాడు. చేతిలో టేపుని లాగుతున్నాడు, వదులుతున్నాడు. చివరికి ఏమీ ఎరగనట్టు లేచి పెట్టె వైపు నడిచాడు.

"వెళ్తావా నాయనా? వెళ్లు, వెళ్లు. ఒంటికా, రెంటికా?"

టేపుబాబు చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. "అబ్బే, లేదండీ. ఊరికే… తలుపు ఇంకోసారి చూద్దామని."

చూసి, వచ్చి కూర్చున్నాడు. మొహాన చెమట పట్టింది. మళ్లీ లేచాడు.

"ఆపుకోకు బాబూ, ఒంటికి మంచిది కాదు," అన్నారు అత్తయ్య, కుర్చీలోంచి ముందుకు ఒంగి. "మా ఆయన ఇలాగే మొహమాటపడి కష్టాలు తెచ్చుకున్నారు. నువ్వెళ్లు. నేనిక్కడే కాపలా ఉంటాను. నీతో మాట్లాడుతూ ఉంటాలే, లోపల తోచదు కదా."

"హద్దులు… ఒకసారి కొలిచి వస్తానండీ," అని టేపుబాబు వరండా దిగాడు. మొదట నడిచాడు. తరవాత పెద్ద అంగలు వేశాడు. ఆ తరవాత బురదకి భయపడే ఆ బూట్లు కాలవలో పడుతున్నాయని కూడా చూసుకోకుండా పరిగెత్తి, కంచె దగ్గర తీగ కింద నుంచి బొక్కబోర్లా దూరి, చిన్నమామయ్య పెట్టెలో పడి తలుపేసుకున్నాడు.

చిన్నమామయ్య ఫక్కున నవ్వారు. నాకూ నవ్వు తన్నుకొచ్చింది. అత్తయ్య వంక చూసి మింగేశాను. ఆవిడ కంచె వైపే చూస్తున్నారు. తరవాత పక్కనున్న పెట్టెని చూశారు. ఒళ్లో పెట్టుకున్న చెంబుని చూసుకున్నారు. చెంబుని మెల్లగా కింద పెట్టారు.

"అందరూ ఇంతేనా?" అన్నారు నాతో.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ కళ్లు చూశాక చెప్పలేకపోయాను. "అవునత్తయ్యా," అన్నాను.

"మరి నన్ను చూడ్డానికి వచ్చామనేవాళ్లు?"

నాకు ఏడుపొచ్చింది. ఇంతవరకు ఆవిడ మీద నాకు కోపం వచ్చింది, విసుగొచ్చింది, నవ్వొచ్చింది. ఏడుపు మాత్రం అదే మొదలు.

టేపుబాబు తిరిగొచ్చాడు. ప్రాణం కుదుటపడిన మొహంతో వచ్చాడు గానీ, మమ్మల్ని చూడగానే తనేం చేశాడో అతనికీ అర్థమైంది. పుస్తకం తెరిచి కలం పట్టుకుని నిలబడ్డాడు, రాయలేదు. అత్తయ్యే అన్నారు, "రాసుకో నాయనా. అడ్డంకి నేనే."

"మిమ్మల్ని అడ్డంకి అని రాయడానికి మనసొప్పట్లేదండీ."

"అయితే కుర్చీ అని రాయి. అది ఏమీ అనుకోదు." లేచి నిలబడి, అప్పటికి ట్రాక్టరు దగ్గరి నుంచి వచ్చిన మా ఆయన చెయ్యి వేయబోతే వద్దని, తనే కుర్చీని ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయారు.

టేపుబాబు 'అడ్డంకి తొలగించబడినది' అని రాసి, కోత సాగించుకోవచ్చని సంతకం చేసిచ్చాడు. వెళ్లేముందు తలుపు దగ్గర నిలబడి, "వెళ్లొస్తానమ్మా," అని లోపలికి కేకేశాడు. లోపలి నుంచి జవాబు రాలేదు. పంట దక్కింది. నేను ఎగిరి గంతేయాల్సింది. గిన్నెలు తోమే మిషతో పంపు దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు పెట్టె తెరిపి లేకుండా పనిచేసింది. మేస్త్రమ్మ మనుషులు వచ్చేవాళ్లు వస్తుంటే వెళ్లేవాళ్లు వెళ్తున్నారు, ఆ బక్కపల్చటాయన రెండుసార్లు వచ్చాడు. అత్తయ్య గది తలుపు మూసుకుని ఉన్నారు. కిటికీ కూడా మూసేశారు.

"కాసేపు బయట కూర్చోండత్తయ్యా," అన్నాను.

"వద్దులేమ్మా. నేను కనిపిస్తే పాపం మళ్లీ ఆగిపోతుంది వాళ్లకి."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను. అంతలో పెరటి తలుపు తోసుకుని మేస్త్రమ్మ వచ్చింది. చేతులు మోచేతుల దాకా పళ్ల రసంతో ఎర్రగా ఉన్నాయి. తోటలో అన్నాలకి కూర్చునే వేళ.

"పెద్దమ్మగారూ, రండి," అంది.

"ఎక్కడికి?"

"తోటలోకి. మా వాళ్లు మిమ్మల్ని తీసుకురమ్మన్నారు. గట్టు మీద నీడలో చోటు చూసి ఉంచాం."

అత్తయ్య లేవలేదు. "ఎందుకులేమ్మా, నేనొస్తే మీకు ఇబ్బంది."

"పెట్టె దగ్గర ఇబ్బందమ్మా, సాళ్ల దగ్గర కాదు," అంది మేస్త్రమ్మ. "ఏమనుకోకండి, ఉన్నమాట చెప్తున్నా. మీరడిగినవన్నీ మాకు చెప్పాలనే ఉంటుంది. మా పిల్లల సంగతి మమ్మల్ని అడిగేవాళ్లెవరున్నారు? కానీ అది ఆగి చెప్పే సమయం కాదు కదమ్మా."

అత్తయ్య ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు, ఇది నిజమా మర్యాదా అని తేల్చుకోవడానికి. తరవాత కళ్లజోడు తీసి పైట చెంగుతో తుడుచుకున్నారు.

"ఆ బక్క అబ్బాయి ఉంటాడా అక్కడ?"

"ఉంటాడమ్మా."

"నీళ్లు తాగుతున్నాడా సరిగ్గా?"

"మీరే అడగండి," అంది మేస్త్రమ్మ, ఆవిడకి చెయ్యి అందిస్తూ.